కౌసానీలో అయిదు రాత్రులు

హిమాలయ శిఖరాలను కళ్ళారా చూడాలని 2,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వెళ్ళిన మాకు వరుసగా అయిదు రోజులపాటు కనిపించినది పొగ మాత్రమే. తెల్లవారుజామున గుడారం తెర తొలగించి ఉత్తరంగా చూసేవాళ్ళము. లోయకు ఆవల మంచుకొండల వరుస ఉండవలసిన చోట బూడిదరంగు తెర వేలాడుతూ ఉండేది. సూర్యుడు రాగిబిళ్ళలా పైకి వచ్చి, మధ్యాహ్నానికి తెల్లబడి, సాయంత్రం మళ్ళీ రాగిబిళ్ళ అయ్యేవాడు. మా అమ్మాయి రెండవ రోజున, "కొండలు నిజంగా ఉన్నాయా అమ్మా?" అని అడిగింది. ఉన్నాయని చెప్పాను గానీ, నేను కూడా అంతవరకు వాటిని బొమ్మలలోనే చూశాను.

కౌసానీ పెద్ద ఊరు కాదు. ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని కుమావూఁ ప్రాంతంలో, అల్మోడాకు ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 1,890 మీటర్ల ఎత్తున, ఒక కొండ వెన్నుమీద ఒదిగిన చిన్న బజారు అది. ఒక పక్క కోసీ నది పుట్టి సోమేశ్వర్ లోయలోకి దిగిపోతుంది. మరొక పక్క గోమతి పారే కత్యూర్ లోయ పరచుకొని ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున చౌఖంబా మొదలు పంచచూలీ వరకు, మధ్యలో 7,120 మీటర్ల త్రిశూల్, 7,816 మీటర్ల నందాదేవి, ఆ పక్కనే నందాకోట్, అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆ వరుస సుమారు 300 కిలోమీటర్ల పొడవు అంటారు. ఈ దృశ్యం కోసమే జనం అక్కడికి వెళతారు. మేమూ అందుకే వెళ్ళాము.

హోటలు గదిలో కాక గుడారంలో ఉండాలన్నది మా వారి పట్టుదల. గుడారం మాది కాదు. ఆయన ఆఫీసులో ఒక స్నేహితుడు కొని, ఒకసారి వాడి, అటక మీద పెట్టినది. అయిదుగురు పడుకొనేంత పెద్దది, మోయడానికి కూడా అంత పెద్దది. మేము అయిదుగురము: మేమిద్దరము, పదమూడేళ్ళ అబ్బాయి, తొమ్మిదేళ్ళ అమ్మాయి, డెబ్బై దాటిన మా అత్తమ్మ. ఆమెను ఇంటి దగ్గర వదిలి వెళదామని అనుకున్నాము. "కాశీకి పోదామంటే తీరిక లేదంటిరి, గుడిసె వేసుకొని ఉండనీకి తీరిక దొరికింది. నేను గుడిసెలనే పుట్టిన, నాకు భయమేంది?" అని ఆమె ముందుగానే తన సంచి సర్దుకొని కూర్చున్నది.

2024 మే మొదటి వారంలో బయలుదేరాము. హైదరాబాదు నుండి ఢిల్లీ, అక్కడి నుండి రాత్రి బండిలో కాఠ్‌గోదాం. 1884లో అక్కడికి రైలు వచ్చినది మొదలు నేటి వరకు కుమావూఁ కొండలకు అదే చివరి స్టేషను. రైలులో గ్యాసు గానీ కిరోసిన్ గానీ తీసుకుపోరాదు కనుక చిన్న గ్యాసు పొయ్యి, సిలిండరు దారిలోని బజారులో కొన్నాము. బాడుగ కారు భీమ్‌తాల్ సరస్సు పక్కగా సాగుతున్నప్పుడు డ్రైవరు నీళ్ళవైపు చేయి చూపించి, వారం క్రితం వైమానిక దళంవారి హెలికాప్టరు పెద్ద బొక్కెన వేలాడదీసుకొని ఈ సరస్సులో నీళ్ళు ముంచుకొని వెళ్ళి నైనితాల్ అడవిమీద కుమ్మరించిందని చెప్పాడు. పిల్లలకు అది ఒక వింత. నాకు మాత్రం అప్పుడే మనసులో ఏదో కలుక్కుమన్నది. అల్మోడా దాటిన తరువాత రెండు చోట్ల రోడ్డు పక్క వాలు నల్లగా మాడి ఉన్నది. అడవి మాడిన వాసన కారు అద్దాలు మూసినా లోపలికి వచ్చింది.

గుడారం వేసుకొనే చోటు గురించి ఒక మాట చెప్పాలి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా మకాం వేయడం నేరం. నిప్పు రాజేయడం అంతకంటె పెద్ద నేరం. కనుక మాకు ముందుగానే తెలిసినవారు ఒకరు ఊరికి కొంచెం ఎడంగా ఉన్న ఒక రైతు పొలం కుదిర్చి పెట్టారు. ఆయన కుమావూఁ రెజిమెంటులో సుబేదారుగా పనిచేసి పదవీ విరమణ పొందిన మనిషి. గోధుమ కోతలు అయిపోయిన మెట్టచేలలో ఒక మడిని మాకు ఇచ్చాడు. అక్కడి చేలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒక్కొక్క మడి మన ఇంటి వరండా అంత వెడల్పు, దానికి నాలుగింతల పొడవు. పైమడి అంచున రాతికట్టు, కింది మడి అంచున ఏమీ ఉండదు. రోడ్డు నుండి అక్కడికి అర కిలోమీటరు నిట్టనిలువు దిగుడు దారి.

ఆ దారి చూసి మేము నిలబడిపోయాము. ఇంతలో సుబేదారు కేక వేయగా పక్క ఇంటి నుండి ఒక స్త్రీ వచ్చింది. నా వయసే ఉండవచ్చు. గుడారం మూటను తలమీదికి ఎత్తుకొని, రెండు చేతులతో రెండు సంచులు పట్టుకొని, మేము మొదటి మలుపు తిరిగేలోపల కిందికి దిగిపోయింది. తిరిగి వచ్చి మిగిలిన సామాను కూడా తీసుకుపోయింది. మా వారు జేబులో చేయి పెట్టగానే సుబేదారు వారించాడు. "మీరు మా అతిథులు. అతిథుల దగ్గర మేము డబ్బు తీసుకోము" అన్నాడు. (పొలానికి అద్దె మాత్రం రాత్రికి ఇంత అని ముందే మాట్లాడుకున్నాము. ఆ వ్యత్యాసం నాకు అప్పుడు తట్టలేదు.) ఆమె ఒక నిమిషం నిలబడి, తలమీది గుడ్డ సరిచేసుకొని వెళ్ళిపోయింది. నేనూ ఊరుకున్నాను.

సుబేదారును మా వారు మొదట్లో "సాబ్" అని పిలిచేవారు. ఆయన నవ్వి, "దాజ్యూ అనండి" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. దాజ్యూ అంటే కుమావూఁ భాషలో అన్నయ్య. ఆ మాటే పేరుగా హిందీలో శేఖర్ జోషీ రాసిన చిన్న కథ ఒకటి ఉన్నది. ఆయన ఈ ప్రాంతంవాడే. 1932లో అల్మోడా జిల్లాలో పుట్టి 2022లో కన్నుమూశాడు. హోటలులో పనిచేసే కొండపిల్లవాడు తన ప్రాంతపు మనిషి కనబడితే ఆ పిలుపుతో పిలుస్తాడు. ఆ పిలుపు పెద్దమనిషికి కొన్నాళ్ళు ముద్దుగా తోస్తుంది, తరువాత నామోషీ అవుతుంది. నేను అనువాదాలు చేసి బతికే మనిషిని కనుక ఆ కథను తెలుగు చేద్దామని చాలాకాలం క్రితం కూర్చున్నాను. పేరు దగ్గరే ఆగిపోయాను. "అన్నయ్య" అంటే అర్థం సరిపోతుంది, కానీ ఊరు పోతుంది. ఊరు పోతే ఆ పిల్లవాడు ఎందుకు అంత ఆశపడ్డాడో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? కాగితాలు అలాగే ఉన్నాయి.

మొదటి రాత్రి వంట అత్తమ్మదే. సుబేదారు భార్య మండువా రొట్టెలు, గహత్ పప్పు పంపించింది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్న అత్తమ్మ, "ఇవి మన తైదలే కదా!" అన్నది. నిజమే, మండువా అంటే రాగులు. గహత్ గింజలు చేతిలోకి తీసుకొని వెలుతురులో పట్టి చూసి మరీ ఆశ్చర్యపోయింది. అవి ఉలవలు. మరునాడు పొద్దున్నే ఆ ఉలవలు అడిగి తెచ్చుకొని, మేము వెంట తీసుకుపోయిన చింతపండుతో చారు కాచి ఒక గిన్నెడు సుబేదారు ఇంటికి పంపింది. నల్గొండ జిల్లా పల్లెలో నేర్చిన వంటకు హిమాలయాలలో దినుసులు సిద్ధంగా దొరకడం ఆమెకు మంచుకొండలు కనిపించకపోయిన లోటును చాలావరకు తీర్చింది.

రెండవ రోజున అనాసక్తి ఆశ్రమానికి వెళ్ళాము. కొండ కొమ్మున ఉన్న ఈ ఇల్లు ఒకప్పుడు తేయాకు తోటవారి అతిథిగృహం. 1929 జూన్‌లో కుమావూఁ పర్యటన చేస్తూ గాంధీజీ ఇక్కడ సుమారు రెండు వారాలు బస చేశాడు. భగవద్గీతకు తాను చేసిన గుజరాతీ అనువాదం "అనాసక్తి యోగ"కు ఉపోద్ఘాతం ఇక్కడే పూర్తిచేశాడు. దాని కింద కౌసానీ పేరు, 1929 జూన్ 24 తేదీ వేసి ఉంటాయి. పుస్తకం వెలువడిన రోజు 1930 మార్చి 12, అంటే దండియాత్ర మొదలైన రోజు.

నాకు ఆ ఉపోద్ఘాతంలో అన్నిటికంటె నచ్చే భాగం ఆయన తన అనర్హతను చెప్పుకొన్న చోటు. తన సంస్కృత జ్ఞానం పరిమితమని, అక్షరార్థం విషయంలో తనను పూర్తిగా నమ్మవద్దని చెప్పి, అందుకే వినోబా, కాకా కాలేల్కర్, మహదేవ్ దేశాయ్, కిశోర్‌లాల్ మశ్రూవాలా ఈ నలుగురి చేత చూపించానని రాసుకున్నాడు. సంస్కృతం రానివారికి, పెద్దగా చదువుకోనివారికి అందాలన్నది ఆయన కోరిక. ఇంగ్లీషు సాహిత్యం చదివి పట్టా పుచ్చుకొని ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న నేను ఒక్క పుస్తకం ముందు కూడా అలాంటి మాట రాయలేదు. ఆ వరండాలో కూర్చొని ఆ సంగతి ఆలోచించడానికి నాకు కావలసినంత సమయం దొరికింది. ఎదురుగా చూడడానికి పొగ తప్ప మరేమీ లేదు కదా.

అక్కడి నుండి బజారులోకి దిగితే సుమిత్రానందన్ పంత్ పుట్టిన ఇల్లు. ఇప్పుడది చిన్న ప్రదర్శనశాల. 1900లో ఆయన పుట్టిన కొద్ది గంటలకే తల్లి మరణించింది. చుట్టూ ఉన్న ఈ కొండలే తనను పెంచాయని ఆయన కవిత్వం చదివినవారు ఇట్టే ఒప్పుకుంటారు. హిందీకి మొదటి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చినది ఆయనే, 1968 సంవత్సరానికి, "చిదంబర" కావ్యానికి. రెండేళ్ళ తరువాత, 1970 సంవత్సరపు పురస్కారం మన విశ్వనాథ సత్యనారాయణగారిని వరించింది. కానీ పంత్ పేరు వింటే నాకు విశ్వనాథకంటె దేవులపల్లి కృష్ణశాస్త్రి గుర్తుకు వస్తాడు. ఇద్దరూ ఒకే తరంవారు, ఇద్దరూ ఇంగ్లీషు కాల్పనిక కవులను చదువుకున్నవారు. మనం భావకవిత్వం అన్నదానికి హిందీవారు ఛాయావాదం అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరి జుట్టు కూడా ఇంచుమించు ఒకే తీరు. అద్దాల బీరువాలలో కవిగారి కళ్ళజోడు, కోట్లు ఉన్నాయి. అబ్బాయి అయిదు నిమిషాలలో చూసి బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

మూడవ రోజున బైజ్‌నాథ్, బాగేశ్వర్ చూసి వచ్చాము. బైజ్‌నాథ్ గుళ్ళ గుంపు కౌసానీకి సుమారు 17 కిలోమీటర్లు. కత్యూరీ రాజుల కాలంనాటి చిన్న చిన్న రాతి గుళ్ళు గోమతి ఒడ్డున గుమిగూడి ఉంటాయి. ముఖ్య ఆలయంలో నల్లరాతి పార్వతి నిలువెత్తు విగ్రహం. అంత నునుపుగా, అంత గంభీరంగా ఉన్న విగ్రహాన్ని చూసి అత్తమ్మ చాలాసేపు కదలలేదు. పిల్లలు నీళ్ళలోని పెద్ద చేపలకు బొరుగులు వేస్తూ ఉండిపోయారు.

బాగేశ్వర్‌లో గోమతి వచ్చి సరయూలో కలుస్తుంది. సంగమం దగ్గర బాగ్‌నాథ్ ఆలయం, ఎదురుగా ఇసుక మైదానం. ఆ మైదానంలో 1921 మకర సంక్రాంతి నాడు ఒక గొప్ప సంఘటన జరిగింది. అప్పటికి నూరేళ్ళుగా కుమావూఁ కొండలలో "కూలీ బేగార్" అనే పద్ధతి ఉండేది. దొరగారు పర్యటనకు వచ్చినా, వేటకు వచ్చినా, విహారానికి వచ్చినా ఆయన సామాను మోయడం ఊరివారి విధి. ప్రతి ఊరి పెద్ద దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. అందులో ఎవరి వంతు ఎప్పుడో రాసి ఉండేది. కూలి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేనట్టు. పాలు, కట్టెలు, గడ్డి కూడా ఊరే సమకూర్చాలి. ఆ సంక్రాంతి జాతరలో బద్రీదత్ పాండే మొదలైనవారి మాట విని, వేలమంది చూస్తూ ఉండగా ఊరి పెద్దలు ఆ రిజిస్టర్లను తెచ్చి సరయూ నీళ్ళలో విసిరివేశారు. బేగార్ అంతటితో ఆగిపోయింది. రామచంద్ర గుహ 1989లో ప్రచురించిన "ద అన్‌క్వయెట్ వుడ్స్" అనే పుస్తకంలో ఈ ఉద్యమం చరిత్ర, ఇక్కడి అడవుల చరిత్ర కలిపి ఉన్నాయి.

నేను ఈ కథ చెబుతూ ఉంటే అత్తమ్మ, "వెట్టి" అన్నది. ఒక్క మాటే. తరువాత కొంతసేపటికి, "గిర్దావరు ఊళ్ళెకు వచ్చిండంటే మా తాత మంచం మోసేటోడట. మా నాయిన చెప్పేది. మంచం, డేరా, ఆఖరికి హుక్కా గూడ" అని చెప్పింది.

డేరా అన్న మాట దగ్గర నేను ఆగాను. దొరల సామానులో ముఖ్యమైనది గుడారమే. ఆ రోజులలో కొండలలో పర్యటన అంటే గుడారాలే కదా. మొన్న దిగుడు దారిలో మా గుడారం ఎవరి తలమీద దిగిందో, దానికి మేము ఏమి ఇచ్చామో జ్ఞాపకం వచ్చింది. తిరుగు ప్రయాణమంతా అదే ఆలోచన. సాయంత్రం నేరుగా ఆమె ఇంటికి వెళ్ళాను. ఆవుకు గడ్డి వేస్తున్నది. "దీదీ, మొన్న సామాను మోశావు కదా" అని 300 రూపాయలు చాపాను. ఆమె ఆశ్చర్యపడలేదు, వద్దనలేదు. లెక్కపెట్టుకొని, "రెండుసార్లు దిగాను, సరిపోతుంది" అన్నది. సుబేదారుగారు వద్దన్నారని నేను ఏదో సంజాయిషీ చెప్పబోతే, "అతిథులు ఆయనకు. నాకు మూటలు" అని నోట్లను కొంగున ముడివేసుకున్నది.

ఆ రాత్రే నిప్పు వచ్చింది.

పదిన్నర గంటలకు కేకలు వినిపించాయి. బయటికి వచ్చి చూస్తే మా మడికి కుడివైపు, వాగుకు అవతల ఉన్న వాలుమీద ఎర్రటి గీత ఒకటి మెలికలు తిరుగుతూ పాకుతున్నది. అమావాస్య దగ్గరి రోజులు. చీకటిలో అది ఎంత దూరంలో ఉన్నదో అంచనాకు అందలేదు. అక్కడి అడవి చాలావరకు చీర్ అనే పైన్ జాతి చెట్టు. దాని సూదుల వంటి ఆకులు వేసవిలో రాలి చెట్ల కింద జానెడు మందాన పరుచుకుంటాయి. పిరూల్ అంటారు దానిని. చెట్టునిండా జిగురు. ఆ జిగురు నుండి కర్పూర తైలం తీయవచ్చని, కలప రైలు పట్టాల కింద దుంగలకు పనికి వస్తుందని ఇంగ్లీషువారి కాలంలో అటవీ శాఖ దీనికే పెద్దపీట వేసింది. నీటిని పట్టి ఉంచే బాంజ్ చెట్లు, అంటే ఓక్ చెట్లు, తగ్గిపోయాయి. చీర్ బెరడు మందం కనుక పెద్ద చెట్టు మంటకు చావదు. చచ్చేది కింద మొలిచే మిగిలిన మొక్కలు. ఇదంతా సుబేదారు మొదటి సాయంత్రమే మాకు చెప్పాడు. నిప్పు అంటుకున్న కాయలు కొండమీద నుండి దొర్లుకుంటూ వచ్చి రోడ్డు దాటి మరో పక్క అంటిస్తాయని కూడా చెప్పాడు. అప్పుడు కథలా విన్నాము.

ఊరంతా కదిలింది. మగవారికంటె ఆడవారే ఎక్కువ. పచ్చి బాంజ్ కొమ్మలు నరికి చేతులలో పట్టుకున్నారు. కొందరి దగ్గర కొయ్యపళ్ళ దంతెలు ఉన్నాయి. మా సామాను మోసిన స్త్రీ అందరికంటె ముందు పోతున్నది. మా వారు బూట్లు తొడుక్కున్నారు. అబ్బాయి కూడా తొడుక్కున్నాడు. నేను వాడి చేయి పట్టుకొని ఆపాను. "వాడు పిల్లవాడు" అన్నాను. వాడు ఏమీ అనలేదు గానీ, అంతకు ముందెన్నడూ నావైపు అలా చూడలేదు. సుబేదారు వెనక్కి తిరిగి, "మంట దగ్గరికి రానివ్వను. వెనుక ఉండి పిరూల్ గుంజుతాడు. అక్కడ వాడికంటె చిన్నవాళ్ళున్నారు" అన్నాడు. చేయి వదిలాను. వదిలానని చెప్పడంకంటె వాడే విడిపించుకున్నాడనడం నిజం.

నేను, అత్తమ్మ, అమ్మాయి మిగిలాము. మాది నైలాను గుడారం. ఒక్క నిప్పురవ్వ పడితే కరిగిపోయి మీద పడుతుంది. దానిని కూల్చి మడిచివేయాలి. పగటిపూట నలుగురం కలిసి గంటసేపు కష్టపడి వేసినదానిని చీకటిలో టార్చిలైటు నోట కరచుకొని పావుగంటలో విప్పివేశాను. మేకులు రెండు రాలేదు. వదిలివేశాను. అత్తమ్మ రాతికట్టుకు ఆనుకొని కూర్చొని అమ్మాయిని ఒడిలో పెట్టుకున్నది. ఎదుటి కొండమీద ఆ ఎర్రగీత ఒకచోట తెగింది. మళ్ళీ అతుక్కున్నది. గాలి మావైపు తిరిగినప్పుడు మనుషుల గొంతులు, కొమ్మలతో నేలమీద కొడుతున్న చప్పుడు వినిపించేవి. ఆ చప్పుడు నాకు చాకిరేవును తలపించింది. కొంతసేపటికి ఒక ముసలమ్మ వచ్చి నీళ్ళు కావాలని సైగచేసింది. మా దగ్గర ఉన్న సీసాలన్నీ నింపి, నేనూ అమ్మాయీ వాగు దాకా రెండుసార్లు తీసుకువెళ్ళి అందించాము. అత్తమ్మ ఆ చీకటిలో ఒక్కతే సామానుకు కాపలా కూర్చున్నది.

ఒంటిగంట దాటిన తరువాత గాలి పడిపోయింది. పిరూల్ గుంజి తీసిన గీత దగ్గర మంట ఆగింది. రెండు గంటలకు వారంతా తిరిగి వచ్చారు. అబ్బాయి ముఖం నల్లగా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాట్లాడకుండా నీళ్ళు తాగి, మడిచిపెట్టిన గుడారం మీదనే పడుకొని నిద్రపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మేము తిరిగి వచ్చిన తరువాత, ఆ జూన్ నెల 13న, అక్కడికి దగ్గరలోనే ఉన్న బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పబోయిన అటవీ సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే మరణించారని పత్రికలో చదివినప్పుడు, ఆ "ఏమీ కాలేదు" అన్న మాట ఎంత తేలికగా అనేశామో అనిపించింది.

నాలుగవ రోజున ఎక్కడికీ వెళ్ళలేదు. సాయంత్రం మాత్రం లక్ష్మీ ఆశ్రమం దాకా నడిచాము. లండన్‌లో 1901లో పుట్టిన కేథరిన్ హైల్మన్ అనే ఆమె 1932లో మన దేశానికి వచ్చి, గాంధీజీ శిష్యురాలై, సరళాబెన్ అయి, 1946లో కొండ ఆడపిల్లల కోసం ఈ పాఠశాల పెట్టింది. ఈ అడవులను కాపాడవలసినది ఆడవారేనని ఆమె నమ్మకం. క్రితం రాత్రి చూసినదాని తరువాత మాకు వేరే వివరణ అవసరం లేకపోయింది.

దారిలో సుబేదారు భార్య పిల్లలకు కాఫల్ పళ్ళు కోసి ఇచ్చింది. ఎర్రగా, బఠాణీ గింజంత, లోపల అంతా గింజే. చెట్లలో ఒక కోకిల జాతి పిట్ట నాలుగు స్వరాలతో అరుస్తున్నది. దానికి అక్కడ ఒక కథ ఉన్నది. ఒక బీదరాలు బుట్టెడు కాఫల్ పళ్ళు కోసి తెచ్చి, కూతురును కాపలా పెట్టి పనికి పోయింది. తిరిగి వచ్చేసరికి బుట్టలో పళ్ళు తగ్గి ఉన్నాయి. తిన్నావా అని కొట్టింది. ఆకలితో ఉన్న పిల్ల ఆ దెబ్బకే ప్రాణం విడిచింది. సాయంత్రం వాన పడి చల్లబడగానే, ఎండకు వాడిన పళ్ళు ఉబ్బి బుట్ట మళ్ళీ నిండింది. తల్లి గుండె పగిలి చనిపోయింది. ఇద్దరూ పిట్టలయ్యారు. కాఫల్ పండింది గానీ నేను రుచి చూడలేదని ఒకటి, నిండింది తల్లీ నిండింది అని మరొకటి అరుస్తాయట. మా అమ్మాయి దోసిట్లోని పళ్ళను చాలాసేపు తినకుండా చూస్తూ ఉండిపోయింది.

అయిదవ నాటి సాయంత్రం మబ్బు పట్టింది. ఊరివారందరూ ముంగిళ్ళలోకి వచ్చి ఆకాశం వంక చూస్తున్నారు. మాకు మాత్రం గుడారం గురించి దిగులు. ఒకే మబ్బును చూసి రెండు రకాలుగా కోరుకోవడం ఎంత సిగ్గుచేటో అప్పుడు తెలిసింది. గుడారం చుట్టూ చిన్న కాలువ తవ్వమని సుబేదారు మొదటి రోజే అబ్బాయికి పార ఇచ్చి చెప్పాడు. మూడు పక్కలా తవ్వి నాలుగవ పక్క వదిలివేశాడు. తొమ్మిది గంటలకు వడగళ్ళతో వాన దిగింది. గుడారం డప్పులా మోగింది. ఆ నాలుగవ పక్కనుండే నీళ్ళు లోపలికి వచ్చాయి. పరుపులు, బట్టలు, నేను తెచ్చుకున్న కాగితాలు అన్నీ తడిసిపోయాయి. అబ్బాయిని తిట్టబోయి నోరు తెరిచాను. టార్చి వెలుతురులో వాడి అరచేతులు కనిపించాయి. దంతె పట్టిన చోట బొబ్బలు. అమ్మాయి నావైపే చూస్తున్నది. "రా, సంచులు పైకెత్తుదాము" అన్నాను. అందరమూ సామానుమీద కూర్చొని తెల్లవారేదాకా అత్తమ్మ చెప్పిన కథలు విన్నాము. కథలకంటె ఆమె కునికిపాట్లే ఎక్కువ.

నాలుగున్నరకు వాన వెలిసింది. మా వారు తెర తీసి బయటికి వెళ్ళి, లోపలికి రాలేదు, పిలవనూ లేదు. నేను వెళ్ళి చూశాను. లోయనిండా తెల్లటి మంచు పొగ, దానిమీద నీలం, ఆ నీలంమీద, నేను ఊహించిన దానికి ఎంతో ఎత్తున, త్రిశూల్. ఆ ఎత్తే నన్ను ఎక్కువగా కలవరపరచింది. ఇన్నాళ్ళూ మేము పొగలో వెదికిన చోటు తప్పు. అవి అంతకు పైన, మేము ఆకాశం అనుకొని వదిలివేసిన చోట ఉన్నాయి. త్రిశూల్ కొనమీద మొదట గులాబి రంగు పడి, కిందికి పాకి, నందాదేవి అంటుకొని, ఒక్కొక్కటిగా అన్నీ వెలిగాయి. అత్తమ్మ చెప్పులు విడిచి తడినేలమీద నిలబడి దండం పెట్టింది. అమ్మాయి లెక్కపెట్టడం మొదలుపెట్టి, లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. ఎనిమిది గంటలకల్లా మబ్బులు లేచి కప్పివేశాయి. మొత్తం మూడున్నర గంటలు.

ఆ మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం. గుడారం ఆరలేదు. తడితో బరువు రెట్టింపయింది. ఈసారి ఎక్కుడు దారి. పక్కింటి దీదీని మేమే పిలిచి ముందుగా కూలి ఎంత అని అడిగాము. సుబేదారు రాతికట్టుమీద కూర్చొని వేరేవైపు చూస్తున్నాడు. ఆమె మూటను ఒక చేత్తో ఎత్తి చూసి, కింద పెట్టి, "500. తడి గుడారం కదా, ఇంకో 50" అన్నది. అమ్మాయి నా సంచిలోనుండి నోట్లు తీసి లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టింది. ఆమె కూడా ఒకసారి లెక్కపెట్టుకున్నది. మూటను తలకెత్తుకోవడానికి అబ్బాయి ఒక పక్క పట్టాడు.